గడప దాకా వచ్చే మనిషి: డోర్నకల్ బిషప్ అజరయ్య గారి జీవితం

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాసివ్వమని మన సంఘం కార్యదర్శి గారు ఫోన్ చేసినప్పుడు, బడి జ్ఞాపకాలు రాస్తానని మాటిచ్చాను. నీవా ఇసుకలో ఆడిన కబడ్డీ, లెక్కల అయ్యవారి బెత్తం, ఇంటి గంట కోసం చెవులు రిక్కించి కూర్చున్న మధ్యాహ్నాలు, ఇవన్నీ రాయాలనే కూర్చున్నాను. కానీ కలం పట్టుకోగానే ఒక స్నేహితుడి ముఖం గుర్తుకొచ్చింది.

అతని పేరు ఇక్కడ రాయను. మా బ్యాచ్ వాళ్ళకు తెలుసు. మామిడికాయల వ్యాపారం చేసేవాడు. వరుసగా రెండు సీజన్లు దెబ్బతిని అప్పుల్లో పడ్డాడు. ఒకరోజు మా వాట్సాప్ గ్రూపులోంచి చెప్పకుండా వెళ్ళిపోయాడు. నంబరు మారిందేమో అనుకున్నాం. ఆ ఏడాది బడికి మంచినీళ్ళ ప్లాంటు పెట్టించాలని మేమంతా చందాలు వేసుకుంటున్నాం. లెక్కలు చూసేవాణ్ణి నేనే. జాబితాలో అతని పేరు ఎదురుగా ఖాళీగా ఉంటే రెండుసార్లు ఫోన్ చేశాను. రెండుసార్లూ చందా సంగతే అడిగాను. ఎట్లుండావురా అని ఒక్క మాట అడగలేదు. ప్లాంటు ప్రారంభోత్సవం ఘనంగా జరిగింది. తర్వాత కొన్ని నెలలకు అతను గుండెజబ్బుతో పోయాడు. ఆ సంగతి మాకు తెలిసేసరికి పెద్దకర్మ కూడా అయిపోయింది. వాళ్ళ ఊరు చిత్తూరుకు ఇరవై కిలోమీటర్లు కూడా ఉండదు.

ఒక సంఘంలో ఉన్న మనిషి బాగోగులు ఎవరు కనుక్కోవాలి? అందరూ కనుక్కుంటారులే అనుకుంటే ఎవరూ కనుక్కోరని మాకు అప్పుడు అర్థమైంది. ఈ ప్రశ్నకు ఒక పెద్దమనిషి జీవితమంతా వెచ్చించి జవాబు చెప్పారు. ఆయన మన జిల్లా వారు కారు. చనిపోయి ఎనభై ఏళ్ళు దాటింది. అయినా మన సంఘం యాభై ఏళ్ళు నిండిన ఈ సమయంలో నా బడి జ్ఞాపకాల కంటే ఆయన జీవితమే మనకు ఎక్కువ పనికొస్తుందని అనిపించింది. ఆయన పేరు వేదనాయగం శామ్యూల్ అజరయ్య. డోర్నకల్ బిషప్.

ఆయన గురించి నాకు ఎలా తెలిసిందో చెబుతాను. ఇంజనీరుగా కొన్నేళ్ళు కొత్తగూడెం వైపు పనిచేశాను. సెలవులకు వచ్చి తిరిగి వెళ్ళేటప్పుడు తిరుపతిలో కృష్ణా ఎక్స్‌ప్రెస్ ఎక్కి డోర్నకల్ జంక్షన్‌లో దిగేవాణ్ణి. అక్కడ కొత్తగూడెం బండి కోసం ఎదురుచూడాలి. ఒకసారి బండి బాగా ఆలస్యమైతే ఊళ్ళోకి నడిచాను. ఒక పెద్ద కట్టడం కనిపించింది. దూరం నుంచి గుమ్మటాలు చూసి మసీదు అనుకున్నాను. దగ్గరికి వెళితే స్తంభాలు మన కోవెల మండపాన్ని గుర్తు చేశాయి. లోపలికి వెళితే చర్చి. కట్టడాలు చూడటం నా వృత్తి కాబట్టి చాలాసేపు తిరిగాను. నేను క్రైస్తవుణ్ణి కాను. కానీ మూడు సంప్రదాయాలను ఇట్లా ఒక కప్పు కిందికి తెచ్చిన మనిషి ఎవరో తెలుసుకోవాలనిపించింది. ఆ తర్వాత దొరికినవన్నీ చదివాను.

అజరయ్య గారు 1874 ఆగస్టు 17న తిరునల్వేలి జిల్లాలోని వెల్లాలన్‌విళై అనే పల్లెలో పుట్టారు. తండ్రి థామస్ వేదనాయగం గారు ఆ ఊరి ఆంగ్లికన్ సంఘానికి గురువు. తల్లి పేరు ఎలెన్. ఊరి గురువు ఇంట్లో పుట్టిన పిల్లవాడికి ఒక సంగతి చిన్నప్పుడే తెలిసిపోతుంది. ఆ ఇంటి తలుపు రాత్రిపూట కూడా ఎవరో ఒకరు తడుతూనే ఉంటారు. జ్వరం, చావు, తగాదా, ఏదొచ్చినా ముందు ఆ గడపకే వస్తుంది. అజరయ్య గారి చిన్నతనంలోనే తండ్రి చనిపోయారు. తల్లి ఆయన్ను భక్తితో, క్రమశిక్షణతో పెంచింది.

చదువు కోసం మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చేరారు. డిగ్రీ చేతికి రాకుండానే కాలేజీ వదిలారు. అదే మనిషికి 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ఇచ్చింది. మన పిల్లలు పరీక్ష తప్పితే ప్రపంచం మునిగిపోయినట్టు బాధపడే తల్లిదండ్రుల కోసం ఈ సంగతి ప్రత్యేకంగా రాస్తున్నాను.

1895లో వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా ఉద్యోగంలో చేరి, పద్నాలుగేళ్ళు దక్షిణాది ఊళ్ళన్నీ తిరిగారు. 1898లో అన్బు మరియమ్మాళ్ గారితో పెళ్ళయింది. దక్షిణ భారతంలో కాలేజీ గడప తొక్కిన మొదటి తరం క్రైస్తవ స్త్రీలలో ఆమె ఒకరు. 1902లో అజరయ్య గారు సింహళంలోని యాళ్పాణం వెళ్ళారు. అక్కడి తమిళ క్రైస్తవులు సొంత డబ్బుతో ఇతర ప్రాంతాలకు మనుషుల్ని పంపి పనిచేయించడం చూశారు. తమ తిరునల్వేలి వాళ్ళు ఎందుకు ఆ పని చేయడం లేదని సిగ్గుపడ్డారు. మరుసటి ఏడాది, 1903లో, తిరునల్వేలి వారి సొంత మిషనరీ సంఘం మొదలైంది. డబ్బు మనదే, మనుషులు మనవాళ్ళే, నడిపేదీ మనమే అన్నది దాని పద్ధతి. ఆ సంఘం ఎంచుకున్న చోటు నిజాం రాజ్యంలోని డోర్నకల్ ప్రాంతం. 1905 క్రిస్మస్ రోజున శ్రీరాంపూర్‌లో దేశమంతటికీ కలిపి అట్లాంటిదే మరో సంఘం ఏర్పడింది. దాన్ని స్థాపించిన వారిలోనూ ఆయన ఉన్నారు.

ఇతరుల్ని పంపుతూ తాను కార్యాలయంలో కూర్చోవడం ఆయనకు నచ్చలేదు. 1909లో వై.ఎం.సి.ఎ. పదవి వదిలి, గురువుగా అభిషేకం పొంది, సంసారంతో సహా డోర్నకల్ వచ్చారు. మొదట గుడారంలోనే కాపురం. తెలుగు అప్పుడే నేర్చుకున్నారు. మన చిత్తూరులో పాలవాడితో అరవం, ఆఫీసులో తెలుగు మాట్లాడటం అందరికీ అలవాటే కాబట్టి ఇదేమంత పెద్ద విషయం అనిపించకపోవచ్చు. కానీ ముప్పై అయిదేళ్ళ వయసులో కొత్తగా అక్షరాలు దిద్ది, చావు జరిగిన ఇంట్లో ఆ భాషలోనే నాలుగు ఓదార్పు మాటలు చెప్పగలగడం చిన్న సంగతి కాదు.

1910లో స్కాట్లండులోని ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. పన్నెండు వందల మందికి పైగా ప్రతినిధులు వచ్చారు. వారిలో ఆసియా వాళ్ళు ఇరవై మంది కూడా లేరు. ఆ కొద్దిమందిలో అజరయ్య గారు ఒకరు. తెల్లదొరలు నిండిన ఆ సభలో ఆయన మొహమాటం లేకుండా ఒక మాట చెప్పారు. పాశ్చాత్యులు మన దేశానికి వచ్చి ఆస్తులు ఇచ్చారు, ప్రాణాలు కూడా అర్పించారు, దానికి కృతజ్ఞులమే అన్నారు. అయితే మన మనిషిని పక్కన కూర్చోబెట్టుకొని స్నేహం చేయడం మాత్రం ఇంకా జరగలేదని, తమకు కావలసింది ఆ స్నేహమేనని దాని సారాంశం. సభలో కొందరికి కోపం వచ్చింది. కొందరు తలలు వంచుకున్నారు. ఆ సభలో జరిగిన ప్రసంగాల్లో ఈనాటికీ ఎక్కువగా తలచుకునేది అదే.

ఈ ఘట్టం చదివినప్పుడల్లా నాకు మా చందాల జాబితా గుర్తుకొస్తుంది.

రెండేళ్ళ తర్వాత, 1912 డిసెంబరు 29న, కలకత్తాలోని సెయింట్ పాల్స్ కెథెడ్రల్‌లో ఆయనకు బిషప్‌గా అభిషేకం జరిగింది. ఆంగ్లికన్ సంఘంలో ఒక భారతీయుడు బిషప్ కావడం అదే మొదటిసారి. మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్ గారు పట్టుబట్టి సాధించిన పని ఇది. నల్లవాడి కింద పనిచేయడమా అని కొందరు దొరలు సణిగారు. మనవాళ్ళలోనూ కులం లెక్కలు చూసి అడ్డుపడ్డవాళ్ళు ఉన్నారు. ఆయన ఎవరితోనూ వాదనకు దిగలేదు. డోర్నకల్ తిరిగొచ్చి పనిలో పడ్డారు.

ఆ పని ఎట్లాంటిదో కొంచెం వివరంగా చెప్పాలి. ఆయన సంఘంలో చేరినవాళ్ళలో ఎక్కువమంది మాల, మాదిగ కుటుంబాల వాళ్ళు. కూలీలు. ఊరికి దూరంగా విసిరేసినట్టున్న పల్లెల్లో బతికేవాళ్ళు. ఒక పల్లెలో పది ఇళ్ళుంటే మరో పల్లెలో ముప్పై. మధ్యలో మైళ్ళ కొద్దీ అడవి, వాగులు. మొదట్లో ఆయన దగ్గరున్న భారతీయ గురువులు ఆరుగురే. ఇంతమంది మీద ఒక్కో ఇంటి బాగోగులు ఎవరు చూడాలి? నీళ్ళు తక్కువ, పొలం ఎక్కువ ఉన్నప్పుడు కాలువ పని చేసేవాడికి ఎదురయ్యే సమస్యే ఇది. చివరి మడి దాకా నీళ్ళు ఎట్లా పారించాలి?

ఆయన చేసిన ఏర్పాటు ఇది. ప్రతి పల్లెకూ ఒక పంతులు, ఆయన భార్య. వాళ్ళు అక్కడే గుడిసె వేసుకొని ఉంటారు. పగలు పిల్లలకు చదువు. కూలికి వెళ్ళినవాళ్ళు తిరిగొచ్చాక రాత్రి లాంతరు వెలుగులో ప్రార్థన, పాటలు. ఎవరికి జ్వరమో, ఎవరింట్లో పొయ్యి వెలగలేదో, ఎవరి మొగుడు తాగి కొట్టాడో ముందు తెలిసేది ఆ దంపతులకే. వాళ్ళకు తోడుగా పల్లెలోనే నలుగురు సంఘ పెద్దలు. తగాదా వస్తే కూర్చొని తీర్చడం, ఆరాధనకు రానివాడి ఇంటికి వెళ్ళి కారణం కనుక్కోవడం వాళ్ళ పని. కొన్ని పల్లెలకు కలిపి ఒక గురువు. ఆయన వంతు ప్రకారం వచ్చి బాప్తిస్మాలు, ప్రభువు బల్ల, పెళ్ళిళ్ళు జరిపిస్తారు. పంతుళ్ళకు ఏదైనా చిక్కు వస్తే ఆయన దగ్గరికే. వీళ్ళందరి మీదా బిషప్ గారు. ఆయన ఏడాదిలో ఎన్నో వారాలు ఎద్దుబండి మీద పల్లెలు తిరిగేవారు.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. జీతం తీసుకొనే గురువు ఒక్కడే అందర్నీ చూసుకోలేడని ఆయనకు మొదటే తెలుసు. అందుకే కూలి చేసుకునే పెద్దమనిషికీ బాధ్యత ఇచ్చారు. గురువుల్ని కూడా బయటి నుంచి తేలేదు. ఆ పల్లెల్లో పుట్టినవాళ్ళనే ఏరి డోర్నకల్‌లో శిక్షణ ఇచ్చారు. భార్యాపిల్లలతో సహా వచ్చి అక్కడ ఉండాలి. భార్యలకూ పాఠాలు ఉండేవి, ఎందుకంటే పల్లెలో ఆడవాళ్ళ కష్టం ఆడమనిషికే చెప్పుకుంటారు. ఈ భాగమంతా అన్బు గారు తన భుజాన వేసుకున్నారు. తల్లుల సమాజాలు పెట్టి, పిల్లల పెంపకం, శుభ్రత, సంసారంలో సర్దుబాటు, ఇట్లాంటివన్నీ నేర్పించారు. ఆరుగురితో మొదలైన గురువుల సంఖ్య ఆయన జీవితకాలంలోనే నూరు దాటింది. సంఘ సభ్యులు రెండు లక్షలు దాటారు.

ఆయన పల్లెలకు వెళ్ళినప్పుడు నాలుగు భూతాల గురించి చెప్పేవారు. మురికి, రోగం, అప్పు, తాగుడు. మనిషిని పట్టి పీడించేది ఈ నాలుగేనని, దేవుడి పేరు చెప్పి వీటిని వదిలేస్తే లాభం లేదని ఆయన నమ్మకం. అందుకే ఆయన దృష్టిలో ఆత్మ సంగతి ఒకటి, అప్పు సంగతి మరొకటి అని లేదు. రెండూ గురువు విచారించవలసినవే.

కానుకల విషయంలో ఆయన గట్టిమనిషి. మేము బీదవాళ్ళం, మేమేం ఇస్తాం అని ఎవరైనా అంటే ఒప్పుకొనేవారు కారు. ఎప్పుడూ పుచ్చుకుంటూనే ఉంటే మనిషి నడుం వంగిపోతుందని, ఎంత చిన్నదైనా తానూ ఇచ్చినప్పుడే తలెత్తుకోగలడని ఆయన ఆలోచన. అన్నం వండేముందు ఇల్లాలు ఒక గుప్పెడు బియ్యం తీసి వేరే కుండలో వేస్తుంది. వారం చివర అది గుడికి చేరుతుంది. కోతల పండుగకు ధాన్యం, గుమ్మడికాయలు, కోళ్ళు, మేకపిల్లలు తెచ్చేవారు. ఆ పల్లెల సంఘాలు నడిచింది చాలావరకు ఆ గుప్పెళ్ళ మీదే. ఈ విషయం మీద ఆయన ఇంగ్లీషులో ఒక పుస్తకం కూడా రాశారు.

డబ్బుతో పాటు రోజులు కూడా అడిగారు. ఏడాదికి ఒక వారం సభ్యులందరూ పనులు మానుకొని చుట్టుపక్కల ఊళ్ళకు వెళ్ళి తమ జీవితంలో ఏం మారిందో నలుగురికీ చెప్పాలి. ఇల్లాలైనా, కూలివాడైనా, అక్షరం రాని ముసలాయనైనా సరే. కూలివాడికి వారం కూలి పోవడమంటే ఏమిటో మనకు తెలుసు. అయినా వెళ్ళేవారు. మనల్ని ఒకరు చూసుకోవడం ఎంత ముఖ్యమో, మనం ఒకరిని వెతుక్కుంటూ వెళ్ళడం కూడా అంతే ముఖ్యమని ఆ వారం వాళ్ళకు నేర్పింది.

1920ల్లో డోర్నకల్ బిషప్ పరిధి బాగా పెరిగింది. కృష్ణా జిల్లా వైపు సంఘాలు, మన రాయలసీమలో నంద్యాల, కడప ప్రాంతపు సంఘాలు కూడా ఆయన కిందికి వచ్చాయి. అంటే ఆయన కాలిదుమ్ము మన సీమ దారుల మీదా పడింది.

అన్నీ సవ్యంగా జరిగాయని చెప్పను. మాల, మాదిగ సంఘాల మధ్య ఎడం ఆయన ఎంత ప్రయత్నించినా పూర్తిగా పోలేదు. ఒకే గుడిలో ప్రార్థించినవాళ్ళు కూడా ఒకే పంక్తిలో తినడానికి, పిల్లనివ్వడానికి వెనకాడారు. మతం మార్పిడి విషయంలో గాంధీ గారికీ ఆయనకూ తీవ్రమైన అభిప్రాయభేదం ఉండేది. పల్లె బీదలకు తమ మంచిచెడ్డలు తేల్చుకునే తెలివి ఉందని, వాళ్ళ నిర్ణయాన్ని తక్కువ చేయకూడదని అజరయ్య గారి వాదన. ఇద్దరిలో ఎవరిది ఒప్పు అన్నది పాఠకుల ఇష్టానికే వదిలేస్తాను. అయితే అదే అజరయ్య గారు క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు వద్దని గట్టిగా వ్యతిరేకించారు. దేశంలో తమవాళ్ళు విడిగా ఒక మూల కూర్చోకూడదని ఆయన పట్టుదల.

క్రైస్తవుల్లోనే ఇన్ని శాఖలెందుకన్న బాధ కూడా ఆయనకు ఉండేది. విదేశాల్లో ఎప్పుడో వచ్చిన తగాదాలను మన పల్లెటూరి కూలివాడు ఎందుకు మోయాలి? 1919లో తరంగంబాడిలో ముప్పై ముగ్గురు సమావేశమై ఐక్యత కోసం ఒక ప్రకటన చేశారు. వారిలో ఇద్దరు తప్ప అందరూ భారతీయులే. అందులో ముఖ్యపాత్ర ఆయనది. ఆ ప్రయత్నం ఇరవై ఎనిమిదేళ్ళు సాగి, 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘంగా ఫలించింది. మనం సి.ఎస్.ఐ. అని పిలిచేది దాన్నే. ఆ రోజు చూడటానికి ఆయన లేరు.

నేను చూసిన ఆ గుడి 1939 జనవరి 6న ప్రతిష్ఠ అయింది. అప్పటికి ఆయనకు అరవై నాలుగేళ్ళు. గుడి కట్టడానికి ముందే మనుషుల్ని కట్టారు, ఆ వరుస నాకు నచ్చింది. చివరి దాకా ఊళ్ళు తిరుగుతూనే ఉండి, 1945 జనవరి 1న డోర్నకల్‌లోనే కన్నుమూశారు. ఏ భాష తెలియకుండా వచ్చారో ఆ భాష మాట్లాడే జనం మధ్యే ఆయన్ను సమాధి చేశారు.

ఇప్పుడు మన సంగతి. చర్చి వాళ్ళూ సంఘం అనే అంటారు, మనమూ సంఘం అనే అంటాం. యాభై ఏళ్ళలో మన సంఘం బడికి బెంచీలు ఇచ్చింది, గదులు కట్టింది, స్కాలర్‌షిప్పులు ఇచ్చింది. ఇవన్నీ మంచి పనులే, ఇంకా చేయాలి. కానీ మన అయ్యవార్లలో మంచం పట్టినవాళ్ళు ఎందరు? మన తోటివాళ్ళలో పిల్లలు విదేశాల్లో ఉండి ఒంటరిగా మిగిలినవాళ్ళెవరు? ఉద్యోగం పోయి మొహం చూపించలేక మన సమావేశాలకు రానివాళ్ళెవరు? ఈ సంచిక చివర అచ్చయ్యే సభ్యుల చిరునామాల్లో ఈ వివరాలు ఉండవు. ఎవరైనా వెళ్ళి తలుపు తట్టాలి.

నాదొక ప్రతిపాదన. చిత్తూరు, తిరుపతి, మదనపల్లె, పలమనేరు, పుత్తూరు, వేలూరు, ఇట్లా సభ్యులున్న ప్రతిచోటా పదిళ్ళకు ఒకరు చొప్పున బాధ్యత తీసుకుందాం. మూడు నెలలకోసారి ఆ పదిళ్ళకూ వెళ్ళిరావాలి. ఆ రోజు చందా పుస్తకం ఇంట్లో పెట్టి వెళ్ళాలి. వెళ్ళినవాళ్ళు కాఫీ తాగి, బాగోగులు కనుక్కొని వస్తే చాలు. అవసరం ఏదైనా కనిపిస్తే అప్పుడు నలుగురం కూర్చుందాం.

నేను పోయిన నెలలో నా స్నేహితుడి ఇంటికి వెళ్ళాను. వెళ్ళడానికి చాలా ఆలస్యమైందని తెలుసు. వాళ్ళావిడ ఏమీ అనలేదు. కుర్చీ వేసి మజ్జిగ ఇచ్చింది. గోడ మీద మా పదో తరగతి గ్రూపు ఫోటో ఉంది. అందులో అతని పక్కన నిలబడింది నేనే. అబ్బాయి పాలిటెక్నిక్ చదువుతున్నాడు. లెక్కల్లో ఏదో సందేహం ఉందంటే అరుగు మీద కూర్చొని చెప్పాను. చీకటి పడ్డాక బయలుదేరుతుంటే మళ్ళీ ఎప్పుడొస్తారని వాడు అడిగాడు. రెండో ఆదివారం వస్తానని చెప్పాను.

నా పదిళ్ళలో మొదటిది అదే. మిగతా తొమ్మిదింటి కోసం కార్యదర్శి గారికి నా పేరు ఇచ్చాను. మీ పేర్లు కూడా ఇవ్వండి.